నల్లగొండలో లినక్స్ రిపేరు: డేటా పోకుండా సిస్టం మళ్లీ వేసిచ్చిన షాపు

షాపు పేరు రాయడం లేదు, ఓనరే వద్దన్నాడు. "ఒక్కన్నే ఉన్న సార్, ఇప్పటికే ప్రింటర్లు కుప్ప పడ్డయి, మీరు రాస్తే లినక్సోళ్లందరు ఇటే వస్తరు" అని నవ్వాడు. మన నల్లగొండలో లినక్సోళ్లందరూ అంటే ఎంతమంది లెక్కకొస్తారో గానీ, అతని మాట కాదనలేకపోయాను. గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజార్ వైపు పోతే వచ్చే సందుల్లో ఒకదాంట్లో, మొదటి అంతస్తులో ఉంటుంది. ఆ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో "లినక్స్ వేసే తమ్ముడు" అని అడిగితే చూపిస్తారు, నాకూ అట్లనే దొరికింది.

నేను ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్తాను. క్వశ్చన్ పేపర్లన్నీ లాటెక్‌లో (లెక్కల గుర్తులు చక్కగా వచ్చే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్) చేసుకుంటా, అందుకే చాలా ఏళ్లుగా ఇంట్లో డెస్క్‌టాప్ మీద లినక్స్ మింట్ (విండోస్ లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టం) నడుస్తోంది. అదే డిస్కులో మావాడి కోసం విండోస్ కూడా ఒక మూల ఉంది. మొన్న ఎప్‌సెట్ క్రాష్ కోర్సు మంచి జోరు మీదుండగా ఒకరోజు సాయంత్రం గాలిదుమారం లేచింది, అప్పుడే సిస్టం అప్‌డేట్లు పడుతున్నాయి, కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్ కుయ్ మని అరిచి అదీ ఆరిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర మీద కెర్నల్ పానిక్ (సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నల్ ఆగిపోవడం), రూట్ ఫైల్ సిస్టం, అంటే సిస్టం ఫైళ్లుండే చోటు, మౌంట్ చేయలేకపోతున్నానని (తెరవలేకపోతున్నానని) ఒక లైను, అంతే. గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే ఏ సిస్టం లేపాలో అడిగేది) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి పాత కెర్నల్‌తో లేపి చూశాను. కొంచెం ముందుకు పోయింది గానీ లాగిన్ తెర రాలేదు, ఏవో లైబ్రరీ ఫైళ్లు దొరకట్లేదని వరసగా ఎర్రర్లు. అంటే కొత్త కెర్నల్ ఒక్కటే సగం పడి ఉంటే పాతదానితో బతికేది, ఇక్కడ లోపల ఇంకా చాలా చెడిందన్నమాట.

ఊళ్లో మొదట వెళ్లిన చోట (పేరు అనవసరం) సీపీయూ బల్ల మీద పెట్టకముందే "ఫార్మాట్ కొట్టి విండోస్ వేసిస్తం" అన్నారు. లోపల డేటా ఉందండీ అంటే, "ఏం కాదు, ఫార్మాట్ అయినంక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీస్తం, దానికి వేరే చార్జి" అని సమాధానం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టి, బూడిదలో సామాను వెతికిపెట్టడానికి కూలి అడిగినట్టుంది యవ్వారం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట మన దగ్గర చాలా షాపుల్లో మామూలుగా అంటారు, మనమూ సరేనని తలూపుతాం. నాది ఎస్‌ఎస్‌డీ. విండోస్ అయినా లినక్స్ అయినా ఫార్మాట్ కొట్టేటప్పుడు మామూలుగానే ఆ జాగా అంతా ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి కబురు పోతుంది, దాన్ని ట్రిమ్ అంటారు. ఆ కబురు అందాక డిస్కు పాత డేటాను తనంతట తనే తుడిచేసుకుంటుంది, ఇక ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా తీయడానికి దాదాపు ఏమీ మిగలదు. పాత రకం హార్డ్‌డిస్కు అయితే ఫోటోరెక్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్లతో కొంత బయటికొస్తుంది, కానీ ఫైలు పేర్లు రావు, ఫోల్డర్లు రావు. ఏ పేపర్ ఏ సంవత్సరందో తెలియని వేల ఫైళ్ల కుప్ప చేతికొస్తే దాంతో నేనేం చేసుకోవాలి?

మా స్టాఫ్ రూములో ఒకాయన సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పట్టుకపొమ్మన్నాడు. అక్కడైతే దొరకని మనిషి ఉండడు, నిజమే. కానీ సీపీయూ సంకలో పెట్టుకుని నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం, మళ్లీ తెచ్చుకోవడం, క్లాసులు పోగొట్టుకోవడం... ఆ టైంలో కుదిరే పని కాదు. ఈ తమ్ముడి సంగతి జిరాక్స్ షాపు అబ్బాయి చెప్పాడు.

మెట్లు ఇరుకు, నిట్టనిలువు, సీపీయూ మోసుకుని ఎక్కేవాళ్లు జాగ్రత్త. లోపల చిన్న గది, ఒక బల్ల, గోడ పొడుగునా విప్పిపెట్టిన ప్రింటర్లు, ఏసీ లేదు, కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే, అదీ అతనిదే. కస్టమర్ వస్తే అతను లేచి నిలబడి పని చేస్తాడు. ఇన్వర్టర్ మాత్రం ఉంది. నా సిస్టం ప్లగ్గును ముందు ఇన్వర్టర్ లైన్‌కు మార్చాకే పవర్ బటన్ నొక్కాడు. "మళ్ల మధ్యల కరెంటు పోతే ఈసారి మీరు నన్ను తిడ్తరు" అన్నాడు.

నాకు ఈ షాపు నచ్చింది ఎందుకంటే, డిస్కు మీద ఏదైనా రాసే ముందు అందులో ఉన్నది చదివి బయటికి తీశాడు. వినడానికి ఇదేం గొప్ప అనిపిస్తుంది. కానీ రిపేరులో డేటా పోవడం, మిగలడం అంతా ఈ వరస మీదే ఉంటుంది, ఆ వరసను మొదటి నిమిషం నుంచి చివరిదాకా తప్పని మనిషిని మన ఊళ్లో చూడడం నాకిదే మొదటిసారి. ముందు అడిగిన ప్రశ్నలు కూడా అట్లనే ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎన్‌క్రిప్షన్ పెట్టారా, పెడితే పాస్‌వర్డ్ గుర్తుందా (గుర్తులేకపోతే ఇంక ఎవరి దగ్గరికి పోయినా లాభం లేదు). హోమ్ (మన ఫైళ్లుండే ఫోల్డర్) వేరే పార్టిషన్‌లో (డిస్కులో విడగొట్టిన భాగంలో) ఉందా, సిస్టంతో కలిసే ఉందా. మై ఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ ఏదన్నా నడుపుతున్నారా, వెబ్‌సైట్ ఫైళ్లు ఉన్నాయా, ఎగ్జాంప్ (వెబ్ ప్రాజెక్టులు మన కంప్యూటర్‌లోనే నడుపుకునే సాఫ్ట్‌వేర్) వేశారా. చివరి ప్రశ్న ఎందుకంటే, డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు పని అంతా ఎగ్జాంప్ ఫోల్డర్‌లో పెట్టుకుంటారు, అది హోమ్‌లో ఉండదు, ఆప్ట్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. హోమ్ ఒక్కటి కాపీ చేసి అంతా తీసేశాం అనుకుంటే ప్రాజెక్టు గోవిందా. నా దగ్గర అవేం లేవు, ట్యూషన్ ఫీజుల లెక్క కూడా మామూలు కాల్క్ షీట్‌లోనే ఉంటుంది.

వెంటాయ్ వేసిన పెన్‌డ్రైవ్ పెట్టి, అందులోంచి మింట్‌ను లైవ్‌గా లేపాడు. వెంటాయ్ తెలియని వాళ్లకు, అదొక ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఎన్ని ఐఎస్‌ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ చేసే సిస్టం మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) పడితే అన్ని వేసుకుని కావలసినదాన్ని ఎంచుకుని బూట్ చేయొచ్చు. లైవ్ అంటే డిస్కుతో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే సిస్టం నడవడం. ముందు స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన గురించి తనే రాసుకునేది) తీసి ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూశాడు. డిస్కే చచ్చిపోయేలా ఉంటే దాన్ని ఫైలు ఫైలుగా కెలకకూడదు, డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును ఇంకోదాని మీదికి నకలు తీసి ఆ నకలు మీదే పని చేయాలని చెప్పాడు. నాది బాగానే ఉంది, దెబ్బ అంతా ఫైల్ సిస్టంకే.

తరవాత ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి ఖాళీ పేజీలో నా డిస్కులోని పార్టిషన్లకు ఐదు డబ్బాలు గీశాడు. మొదటి చిన్న డబ్బా ఈఎఫ్ఐ, రెండు బూట్‌లోడర్లూ (విండోస్‌నూ లినక్స్‌నూ లేపేవి) ఉండేది అందులోనే, పక్కన ఎర్ర పెన్నుతో "ఫార్మాట్ వద్దు" అని తెలుగులో రాశాడు. తరవాత విండోస్‌వి మూడు, వాటి మీద అడ్డంగా ఒకే గీత, అంటే ముట్టుకునేది లేదని. చివరి పెద్ద డబ్బా నా లినక్స్, దాని కింద సైజు, యూయూఐడీలో (పార్టిషన్ గుర్తింపు నంబరు) మొదటి కొన్ని అక్షరాలు. ఆ పేజీని కీబోర్డు పక్కన పెట్టుకుని, ఇన్‌స్టాల్ అయిపోయేదాకా ప్రతి తెర దగ్గరా ఒకసారి కాగితం, ఒకసారి మానిటర్ చూసుకుంటూ పోయాడు. నేను తెచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు తగిలించాక కమాండ్ మొత్తం టైప్ చేసి, ఎంటర్ మీద వేలు పెట్టి ఆపి, "సార్, ఏది దేనిమీదికి పోతుందో ఒకసారి బయటికి చదవండి" అన్నాడు. నేను చదివాను, ఎస్‌డీఏ (నా ఎస్‌ఎస్‌డీ) నుంచి ఎస్‌డీసీ (ఎక్స్‌టర్నల్ డిస్కు) మీదికి. పాఠం అప్పజెప్పించుకున్నట్టు విని, సరే అని నొక్కాడు. ఆ రెండక్షరాలు తారుమారైతే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

పార్టిషన్‌ను రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ చేశాడు, అదీ జర్నల్ (ఫైల్ సిస్టం రాతల చిట్టా) కూడా కదలకుండా నోలోడ్ అనే ఆప్షన్‌తో. రీడ్ ఓన్లీ అన్నా ఎక్స్‌టీ4 (నా లినక్స్ పార్టిషన్ ఫైల్ సిస్టం) లోపల తన జర్నల్‌ను సరిచేసుకోవడానికి కొంచెం రాస్తుందట. ఫైల్ సిస్టంను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే కూడా డేటా బయటికి వచ్చాకే నడిపాడు, ఎందుకంటే అది సరిచేసేది కూడా డిస్కు మీద రాసే, ఒక్కోసారి అది "సరిచేసిన" ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో తేలతాయి. నాకూ కొన్ని అట్లా తేలాయి, అన్నీ సిస్టంవే, నావి కావు.

కాపీ దగ్గర నాకు తెలియనిది ఒకటి తెలిసింది. నా ఎక్స్‌టర్నల్ డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ ఫార్మాట్. దాని మీదికి నేరుగా లాగి వదిలితే ఫైళ్లు వస్తాయి గానీ లినక్స్ పర్మిషన్లు, ఓనర్ వివరాలు రావు, తిరిగి వేసినప్పుడు కొన్ని ప్రోగ్రాములు మొరాయిస్తాయి. అందుకని హోమ్ మొత్తాన్ని ఒకే టార్ ఫైలుగా (పర్మిషన్లతో సహా ఒకే మూటలా) కట్టాడు. క్వశ్చన్ పేపర్ల ఫోల్డర్ మాత్రం పక్కన మామూలుగా కూడా కాపీ చేశాడు, "రేపు క్లాసుకు కావాలంటే ఏ కంప్యూటర్ల పెట్టినా తెరుచుకోవాలె గదా" అని. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్ పట్టుకుని పోయేవాళ్లకు ఇంకో మాట, దాంట్లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, పెళ్లి వీడియోలు అక్కడే ఆగిపోతాయి.

హోమ్ మొత్తం అంటే చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్లతో సహా. చాలామంది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ కాపీ చేసి అయిపోయిందంటారు. కానీ థండర్‌బర్డ్ మెయిళ్లు, ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, మనం వేసుకున్న ఫాంట్లు అన్నీ ఆ దాపుడు ఫోల్డర్లలోనే ఉంటాయి. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపిస్తాయి. నేను వేసుకున్న మండలి, రామభద్ర ఫాంట్లు అందులోనే ఉన్నాయి, అవి లేకుండా తెలుగు మీడియం పేపర్ తీస్తే మొత్తం అలైన్‌మెంట్ పోతుంది. సిస్టం సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ కూడా చిన్న టార్‌గా తీశాడు, అది తరవాత పనికొచ్చింది. అయిపోయాక టార్‌ను అసలు ఫైళ్లతో పోల్చి చూసే కమాండ్ నడిపి, తేడా ఏమీ లేదని చూపించి, నన్నే కూర్చోబెట్టి నాకిష్టమైన ఫైళ్లు తెరుచుకుని చూసుకోమన్నాడు. నా డేటా అతని డిస్కు మీద ఎక్కడా పెట్టలేదు, మొత్తం నా హార్డ్‌డిస్కులోనే. ఇంట్లోవాళ్ల ఫోటోలున్న సిస్టం షాపులో ఇవ్వాలంటే అందరికీ ఉండే టెన్షనే నాకూ ఉంది, అడగకుండానే దాన్ని తీసేశాడు.

అప్పుడు గానీ రిపేరు మొదలుపెట్టలేదు. లైవ్ నుంచి క్రూట్ చేసి (డిస్కులోని పాత సిస్టంలోకి దిగి) డీపీకేజీని (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు వేసే, తీసే ప్రోగ్రాము) సరిచేయబోతే, ఏ ప్యాకేజీలు ఉన్నాయో రాసిపెట్టుకునే స్టేటస్ ఫైలే ఖాళీ అయిపోయి ఉంది. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైళ్లకు అట్లా జరుగుతుంది. దాని పాత ప్రతి వార్ అనే సిస్టం ఫోల్డర్ లోపల బ్యాకప్స్ ఫోల్డర్‌లో ఉంటుందని చూపించాడు. అది పెట్టి కొంతసేపు చూశాడు, ఒకటి సరైతే ఇంకోటి బయటపడుతోంది. "ఇది సరిచెయ్యొచ్చు సార్, కని రేపు ఏది ఊడుతదో నాకే తెల్వది. కొత్తగ వేద్దాం, మీ హోమ్ కదలదు" అన్నాడు. ఆ పాత ప్రతిలోంచి నా ప్యాకేజీల జాబితా ఒక టెక్స్ట్ ఫైలుగా తీసి పెట్టాకే ఇన్‌స్టాలర్ తెరిచాడు.

పాత సిస్టం మింట్ 21.3, దానికి సపోర్టు 2027 ఏప్రిల్ దాకా ఉంది. అదే వేయొచ్చు, కానీ మింట్ 22 అయితే 2029 ఏప్రిల్ దాకా ఉంటుంది కాబట్టి అదే వేశాడు. పాతది నుంచి కొత్తదానికి పోతే థండర్‌బర్డ్, ఫైర్‌ఫాక్స్ పాత ప్రొఫైళ్లను తీసుకుంటాయి, కొత్తది నుంచి పాతదానికి పోతే ఒప్పుకోవు, ఇది కూడా అప్పుడే తెలిసింది.

ఇన్‌స్టాల్‌లో అసలు కిటుకు ఒక్క తెర మీద ఉంది. డిస్కు మొత్తం తుడిచేసి వేయాలా అని అడిగే ఆప్షన్ జోలికి పోకుండా, కింద ఉండే సమ్‌థింగ్ ఎల్స్ అనేది ఎంచుకోవాలి. పార్టిషన్ల పట్టిక వస్తుంది, నోట్‌బుక్ అప్పుడు చేతిలోకొచ్చింది. ఐదో పార్టిషన్ మీద నొక్కి, ఎక్స్‌టీ4 అని, మౌంట్ పాయింట్ రూట్ అని పెట్టి, ఫార్మాట్ అని ఉన్న గడిని ఖాళీగా వదిలేశాడు. ముందుకు నొక్కగానే ఒక హెచ్చరిక వచ్చింది, ఈ పార్టిషన్ ఫార్మాట్ చేయమనలేదు కాబట్టి ఈటీసీ, లిబ్, యూఎస్‌ఆర్, వార్ లాంటి సిస్టం ఫోల్డర్లను తీసేస్తానని. చూస్తే గుండె ఝల్లుమంటుంది గానీ మనకు కావలసింది అదే, సిస్టం ఫోల్డర్లు పోతాయి, హోమ్ ఉంటుంది. డేటాబేస్ నడిపేవాళ్లు మాత్రం ఆ తెర దగ్గర ఆగి ఆలోచించాలి, మై ఎస్‌క్యూఎల్ డేటా ఉండేది ఆ వార్ లోపలే. యూజర్ పేరు అడిగినప్పుడు హోమ్‌లో ఉన్న పాత ఫోల్డర్ పేరే అక్షరం తేడా లేకుండా కొట్టాడు. వేరే పేరు కొడితే కొత్త ఖాళీ ఇల్లు తయారవుతుంది, పాతది పక్కనే ఉన్నా కనపడక జనం డేటా పోయిందని ఏడుస్తారట.

రీస్టార్ట్ అయ్యాక నా వాల్‌పేపర్, నా ప్యానెల్, డెస్క్‌టాప్ మీద అడ్డదిడ్డంగా పడేసిన పీడీఎఫ్‌లు, ఫైర్‌ఫాక్స్ తెరిస్తే గాలిదుమారం రోజు తెరిచి ఉన్న ట్యాబులు. గ్రబ్‌లో విండోస్ కూడా ఉంది, మావాడి ఆటలు అన్నీ క్షేమం.

ఇక పోయినవి, కుదరనివి. ఈటీసీ పోయింది కాబట్టి ప్రింటర్ మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది, వైఫై పాస్‌వర్డులూ పోయాయి, కానీ తీసిపెట్టిన ఈటీసీ టార్‌లో నెట్‌వర్క్ మేనేజర్ ఫోల్డర్‌లోంచి పాస్‌వర్డు వెతికి ఇచ్చాడు. రాత్రిపూట పేపర్లను వేరే చోటికి కాపీ చేయడానికి నేను పెట్టుకున్న క్రాన్ పని (టైంకు దానంతటదే నడిచేది) మాత్రం మాయమైంది. యూజర్ క్రాన్‌ట్యాబ్ ఉండేది వార్ లోపల స్పూల్‌లో, దాన్ని అతను తీయలేదు. అన్ని ప్రశ్నలు అడిగినవాడు ఇదొక్కటి అడగలేదు. రెండు లైన్ల పనే, మళ్లీ రాసుకున్నాను, కానీ సర్వర్ లాంటిది నడిపేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు, మీరే గుర్తు చేయండి.

తెలుగు టైపింగ్ కూడా చూడకుండా ఇచ్చేశాడు. టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఐబస్‌లో తెలుగు ఉండేది, సెట్టింగ్ మిగిలింది గానీ ప్యాకేజీ లేదు, ఇంటికొచ్చాక ఇన్‌పుట్ మెథడ్‌లోకి పోయి నేనే వేసుకున్నాను. నల్లగొండలో షాపు పెట్టి తెలుగు కీబోర్డు చూడకపోవడం నాకైతే నచ్చలేదు, అదే మాట ఫోన్ చేసి చెప్పాను కూడా. లాటెక్ సంగతి వేరు, టెక్స్ లైవ్ (లాటెక్ పూర్తి ప్యాకేజీ) మొత్తం వేయాలంటే కొన్ని జీబీలు దించాలి, షాపులో నెట్ అతని ఫోన్ హాట్‌స్పాట్. అందుకే జీలాటెక్ (యూనికోడ్ తెలుగు పట్టే లాటెక్) వరకు వేసి, మిగతాది జాబితా చూసి ఇంట్లో వేసుకోమన్నాడు. నా సొంత స్టైల్ ఫైళ్లు హోమ్‌లోని టెక్స్‌ఎంఎఫ్ ఫోల్డర్‌లో ఉండబట్టి అవి చెక్కుచెదరలేదు, ఆ రాత్రే పేపర్ కంపైల్ అయింది.

ఇంకొకటి, లాగిన్ పాస్‌వర్డు 1234 అని పెట్టి "ఇంటికి పోయినంక మార్చుకోండి" అన్నాడు. ఎదురుగా నేనే కూర్చుని ఉన్నప్పుడు నన్నే కొట్టమంటే అయిపోయేది కదా. చాలామంది మార్చుకోరు, అది అతనికీ తెలుసు.

టైంషిఫ్ట్ పెట్టి ఇచ్చాడు, వారానికోసారి సిస్టం స్నాప్‌షాట్ తీసుకుంటుంది. ఇక్కడ అతను స్పష్టంగా చెప్పిన మాట నేనూ చెప్తాను, టైంషిఫ్ట్ మామూలు సెట్టింగ్‌లో హోమ్‌ను తీసుకోదు. అది సిస్టం పాడైతే వెనక్కి తీసుకుపోవడానికి, మీ ఫైళ్లకు అది బ్యాకప్ కాదు. నా ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మీద దానికి చోటు కుదరదు, లినక్స్ ఫైల్ సిస్టం కావాలి, అందుకని ప్రస్తుతానికి అదే ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. హోమ్‌ను వేరే పార్టిషన్ చేద్దామా అని అడిగాడు, దానికి ఉన్నదాన్ని జరపాలి, కుదించాలి, క్రాష్ కోర్సు మధ్యలో ఆ పని పెట్టుకోదలచుకోలేదు. కొత్తగా లినక్స్ వేయించుకునేవాళ్లు మాత్రం మొదట్లోనే వేరుగా పెట్టించుకోండి, ఈసారి ఏదైనా అయితే రూట్‌ను నిశ్చింతగా ఫార్మాట్ చేసుకోవచ్చు.

డబ్బులు 900 తీసుకున్నాడు. డేటా తీసినందుకు వేరే చార్జి లేదు. మొదటి షాపులో ఫార్మాట్ కొట్టి విండోస్ వేయడానికి 500 అన్నారు, రికవరీ అదనం. 400 తేడా చూసి ఎక్కువ అనేవాళ్లు ఉంటారు, వాళ్ల ఇష్టం. నా లెక్కలో అతను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేసిన పనికి ఇది తక్కువే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్టు ఆగిపోయాక, విండోస్ 11 పట్టని పాత సిస్టంలు పట్టుకుని లినక్స్ వేయమని వచ్చేవాళ్లు పెరిగారట. వాళ్లకు కూడా ఇదే పద్ధతి, ముందు డేటా బయటికి, తరవాతే ఇన్‌స్టాల్. కానీ టాలీ నడిపేవాళ్లు, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు వస్తే మాత్రం "మీకు లినక్స్ వద్దు సార్" అని తనే తిప్పి పంపిస్తాడు. నేనున్నప్పుడే ఒకాయనను పంపించాడు, వచ్చిన బేరం వదులుకుని మరీ.

ఐదుకు నాలుగు ఇస్తాను, ఒకటి తగ్గించింది తెలుగు కీబోర్డుకు, ఆ 1234కు. అర్జెంటు పని అయితే పొద్దున తెరవగానే పోండి, సాయంత్రం పోతే సిస్టం వదిలిపొమ్మంటాడు, ఎదురుగా కూర్చుని చూసే అవకాశం ఉండదు. మధ్యాహ్నం భోజనం టైంలో ఫోన్ ఎత్తడు. డేటా ఎంతుందో దానికి సరిపోయే ఖాళీ హార్డ్‌డిస్కు మీరే తీసుకుపోవాలి, అతని దగ్గర అద్దెకు లేదు. బిల్లు అడిగితే తప్ప ఇవ్వడు, ఆఫీసు సిస్టం అయితే ముందే చెప్పండి.